తక్‌పట్టీ చదివినట్టే జీతం స్లిప్ చదువు

ముందు నీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెబుతాను, చదివే మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. హన్మకొండలో డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతూ నక్కలగుట్ట వైపు ఒక కస్టమర్ సపోర్ట్ ఆఫీసులో సాయంత్రం షిఫ్టుకు 2025 సెప్టెంబర్ 1న చేరావు. చేరేటప్పుడు నెలకు 20,602 అన్నారు. దసరా ముందు మొదటి జీతం పడింది, బ్యాంకు మెసేజ్ చూస్తే 16,275 మాత్రమే. ఆ 4,327 రూపాయలు ఎటు పోయాయి? స్టూడెంట్‌కు కూడా టాక్స్ కట్ చేస్తారా? పీఎఫ్ (భవిష్య నిధి) వద్దని రాసిచ్చి ఆ డబ్బు చేతికే తీసుకోవచ్చా? ఈ మూడూ నీ ప్రశ్నలు. టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్న మీ పెద్దమ్మ కొడుకు "స్టూడెంట్లకు కటింగులు ఉండవు" అన్నాడని కూడా రాశావు, స్నేహితుడి ఇంటర్న్‌షిప్ డబ్బులో కోత గురించీ అడిగావు. సెప్టెంబర్ స్లిప్ ఫొటో పెట్టావు కాబట్టి దాని మీదే మాట్లాడతాను.

వరంగల్‌లో ఇరవై రెండేళ్లుగా జీతాల లెక్కలు చూస్తున్నాను. మొదటి జీతం అందుకున్న పిల్లలు అడిగేది ఎప్పుడూ ఇదే. అడగకుండా ఊరుకున్నవాళ్లే తర్వాత నష్టపోయారు. అడిగి మంచి పని చేశావు.

మీ నాన్న పర్వతగిరి దగ్గర పత్తి వేస్తాడని రాశావు. ఎనుమాముల మార్కెట్లో తూకమయ్యాక అమ్మకం లెక్క రాసిన చీటీ, అంటే తక్‌పట్టీ చేతికొస్తే ఆయన ఏం చేస్తాడో గుర్తు తెచ్చుకో. అడుగున ఉన్న మొత్తం చూసి జేబులో పెట్టుకోడు. తూకం ఎంత, ధర ఎంత, హమాలీ ఎంత, తూకం వేసిన దడ్వాయికి ఎంత అని ఒక్కో గీత మీద వేలు పెట్టి చదువుతాడు. అర్థం కాని గీత ఉంటే అక్కడే నిలబడి అడుగుతాడు. జీతం స్లిప్ కూడా అలాగే చదవాలి. కోత కనిపించగానే మోసం అనుకోవద్దు. కోసిన డబ్బు ఎవరి ఖాతాకు చేరాలి, చేరిందా లేదా అని చూడు. ఇన్నేళ్లలో నేను చూసిన అసలు నష్టాలన్నీ ఆ రెండో చోటే జరిగాయి.

ముందు 20,602 సంగతి. అది జీతం కాదు, సీటీసీ. నీ కోసం కంపెనీ నెలకు పెట్టే మొత్తం ఖర్చు. స్లిప్‌లో ఎడమవైపు రెండే గీతలున్నాయి: బేసిక్ 12,000, ఇంటి అద్దె అలవెన్స్ 6,000. కలిపితే 18,000, దీన్నే గ్రాస్ అంటారు. మిగిలిన 2,602 నీ స్లిప్ దాకా రానే రాదు. అందులో 1,440 కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్. 585 కంపెనీ వంతు ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), గ్రాస్ మీద 3.25 శాతం. 577 గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం) లెక్క, బేసిక్ మీద 4.81 శాతం. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, నెలకు 26 పని దినాలు అన్న సూత్రం నుంచి వచ్చిన అంకె అది. గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్లు పనిచేసినవాళ్లకే వస్తుంది. డిగ్రీ అయ్యాక నువ్వు పీజీకో వేరే ఉద్యోగానికో వెళ్లిపోతే ఆ 577 నీ చేతికి రాదు. ఆఫర్‌లో దాన్ని కలిపి చెప్పడం తప్పేమీ కాదు, అందరూ అలాగే చెబుతారు. కానీ రేపు ఎక్కడ ఇంటర్వ్యూకు వెళ్లినా "గ్రాస్ ఎంత సార్, కటింగులు పోను చేతికి ఎంత వస్తుంది?" అని అడుగు. ఆ ఒక్క మాటతో ఇలాంటి టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక నిజంగా నీ జీతంలో కోసింది 1,725. మూడు గీతలు: పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 135, ప్రొఫెషనల్ టాక్స్ 150. 18,000లో ఇది తీసేస్తే 16,275. బ్యాంకు మెసేజ్‌తో పైసా తేడా లేకుండా సరిపోయింది. నీ ఆఫీసు అంకెలు సరిగ్గానే వేసింది. కట్టిందా లేదా అన్నది నువ్వు చూసుకోవాలి, అది ఎలాగో చెబుతాను.

పీఎఫ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నీ బేసిక్ మీద 12 శాతం నీ దగ్గర కోస్తారు, అంతే డబ్బు కంపెనీ కలుపుతుంది. నీ 1,440 మొత్తం నీ పీఎఫ్ ఖాతాలోకే వెళ్తుంది. కంపెనీ ఇచ్చే 1,440లో, బేసిక్ మీద 8.33 శాతం లెక్కన, 1,000 పెన్షన్ పథకానికి, మిగిలిన 440 నీ పీఎఫ్‌కు. అంటే నెలకు 1,880 నీ పేరు మీద పోగవుతోంది. ఏడాదికి 22,560. దానిపైన వడ్డీ కూడా కలుస్తుంది, 2024-25కు ఆ వడ్డీ 8.25 శాతం. నీకు కోతలా కనిపిస్తున్నది నిజానికి నీ పొదుపు. నువ్వు ఒక రూపాయి వేస్తే పక్కన ఇంకొకరు కూడా వేసే పొదుపు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పు.

వద్దని రాసివ్వవచ్చా అన్నావు. నీ విషయంలో కుదరదు. పీఎఫ్ లెక్కకు వచ్చే జీతం 15,000 దాటి, అంతకు ముందు ఎప్పుడూ పీఎఫ్ సభ్యత్వం లేనివాళ్లే చేరేటప్పుడు వద్దనుకోగలరు. నీ బేసిక్ 12,000. పైగా నువ్వు వద్దనుకోకూడని కారణం ఇంకొకటి ఉంది. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన అని కేంద్రం పథకం ఒకటి 2025 ఆగస్టు 1న మొదలైంది, 2027 జూలై 31 దాకా ఉంటుంది. ఈ మధ్యలో మొదటిసారి పీఎఫ్‌లో చేరిన ఉద్యోగికి, జీతం నెలకు లక్ష లోపు ఉంటే, ఒక నెల పీఎఫ్ జీతం అంత డబ్బు, గరిష్ఠంగా 15,000, రెండు విడతలుగా ఇస్తారు. ఆరు నెలల సర్వీసు అయ్యాక ఒక విడత, పన్నెండు నెలలు నిండి ఆర్థిక అక్షరాస్యత కోర్సు పూర్తి చేశాక రెండోది. నువ్వు సెప్టెంబర్‌లో చేరావు, ఇదే నీ మొదటి ఉద్యోగం. నీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు) ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తయారు చేశారా, ఆధార్‌తో కలిసిన బ్యాంకు ఖాతా ఉందా అని హెచ్ఆర్‌ను ఈ వారమే అడుగు. ఈ ప్రయోజనం సంగతి తెలియకుండానే ఆరు నెలలు నిండకముందే మానేసే పిల్లలు ఉన్నారు.

నా మొదటి ఉద్యోగం సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 2001లో ఒక చిన్న సంస్థలో గుమాస్తాగా చేరాను. పద్నాలుగు నెలలు నా జీతం కాగితంలో పీఎఫ్ గీత ఉంది, డబ్బు కోశారు. మానేశాక ఫారాలు పట్టుకొని వెళ్తే నా పేరు మీద జమ అయింది మూడు నెలలదే. మిగతా పదకొండు నెలలది కోశారు కానీ కట్టలేదు. రుజువు అడిగితే చూపించడానికి నా దగ్గర ఒక్క స్లిప్ లేదు, నెలనెలా చింపి పారేశాను. అప్పుడు ఫోన్లో చూసుకునే పాస్‌బుక్ లేదు, ఏడాదికోసారి రావాల్సిన కాగితం మాకు ఎవరూ ఇవ్వలేదు. ఆ డబ్బు నాకు ఇప్పటికీ రాలేదు. ఈ పనిలోకి వచ్చాక నా చేతి మీదుగా వెళ్లే ప్రతి పిల్లకూ పిల్లాడికీ పాస్‌బుక్ చూడటం నేర్పించడం అలవాటైంది.

నీకు ఇప్పుడు అంత కష్టం లేదు. ఒక నెల పీఎఫ్‌ను కంపెనీ తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి. నీ సెప్టెంబర్ డబ్బు అక్టోబర్ 15కల్లా పడాలి. యూఏఎన్‌తో కలిసిన ఫోన్ నంబర్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్లో పాస్‌బుక్ తెరిస్తే నెలవారీగా మూడు గళ్లు కనిపిస్తాయి: ఉద్యోగి వంతు, యజమాని వంతు, పెన్షన్ వంతు. నీకు అక్కడ 1,440, 440, 1,000 కనిపించాలి. రెండు నెలలైనా ఖాళీగా ఉంటే ముందు హెచ్ఆర్‌కు ఈమెయిల్ రాయి, నోటితో అడిగి వదిలేయొద్దు. జవాబు రాకపోతే ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టు. వరంగల్‌లోనే పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది, కరీంనగర్ వాళ్లకు కరీంనగర్‌లోనే ఉంది, హైదరాబాద్ దాకా వెళ్లాల్సిన పని లేదు.

మన దగ్గర పీఎఫ్‌లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా, అదీ ముందు ఉంటుంది. పాన్ కార్డులో చివరికి వెళ్తుంది. హెచ్ఆర్ అమ్మాయి మెమో చూసి ఒకలా టైప్ చేస్తుంది. కేవైసీ దగ్గర ఆగిపోతుంది. పుట్టిన తేదీ కూడా అంతే. చాలా ఊళ్లలో బడిలో చేర్చినప్పుడు వేసిన తేదీ ఒకటి, ఆధార్ తీసినప్పుడు చెప్పింది ఇంకొకటి. గీసుగొండ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి నాలుగేళ్ల పీఎఫ్ డబ్బు కోసం ఏడు నెలలు తిరిగాడు, కారణం ఇంటిపేరులో ఒక్క అక్షరం. నీ ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, యూఏఎన్ నాలుగూ ఒకే టేబుల్ మీద పరిచి అక్షరం అక్షరం పోల్చు. తేడా ఉంటే ఉద్యోగంలో ఉండగానే సరిచేయించు. మానేశాక పాత ఆఫీసు చేత సంతకం పెట్టించడం ఎంత కష్టమో పడ్డవాళ్లకు తెలుసు.

ఉద్యోగం మారితే పీఎఫ్ తీసేయకు, కొత్త కంపెనీకి అదే యూఏఎన్ ఇచ్చి బదిలీ చేయించుకో. ఐదేళ్ల సర్వీసు కాకముందే తీస్తే ఆ డబ్బు పన్ను లెక్కలోకి వస్తుంది. 50,000 అంతకు మించితే ఇచ్చేటప్పుడే పాన్ ఉన్నవాళ్లకు 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) కోస్తారు.

ఈఎస్ఐ 135 రూపాయలు చూసి "నాకు ఆస్పత్రితో పనేంటి, ఇరవై ఏళ్లు" అనుకుంటావు. నీ షిఫ్టు రాత్రి పదకొండుకు అయిపోతుంది, బండి మీద కాజీపేటకు వెళ్తావు. ఆ దారిలో జరిగే ప్రమాదం, ఉద్యోగానికి వెళ్లివచ్చే ప్రయాణంలో జరిగిందని తేలితే, పనిలో తగిలిన దెబ్బగానే ఈఎస్ఐ చూస్తుంది. అలా పనికి దూరమైన రోజులకు జీతంలో 90 శాతం లెక్కన ఇస్తుంది. జబ్బు చేసి సెలవు పెడితే, కావాల్సినన్ని రోజుల చందా ఉన్నవాళ్లకు, ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం ఇస్తుంది. వైద్యం చేరిన రోజు నుంచే మొదలవుతుంది, ఖర్చుకు పరిమితి లేదు, నీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుంది. అది పనిచేయాలంటే మీ అమ్మానాన్నల పేర్లు ఈఎస్ఐ రికార్డులో ఎక్కించాలి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, ఆస్పత్రిలో స్ట్రెచర్ పక్కన నిలబడి అప్పుడు ఫోన్ చేస్తారు. ఈ-పెహచాన్ కార్డు (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) ప్రింట్ తీసి ఇంట్లో ఒకటి పెట్టు. డిస్పెన్సరీలో తగ్గని కేసులను పై ఆస్పత్రికి రాస్తారు, మన వైపు నుంచి హైదరాబాద్ సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రికి పంపినవాళ్లు నాకు తెలుసు. గ్రాస్ 21,000 దాటితే ఈఎస్ఐ ఆగుతుంది, కానీ వెంటనే కాదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు విడతలుంటాయి, మధ్యలో జీతం పెరిగినా ఆ విడత ముగిసేదాకా కోత నడుస్తుంది. దాన్ని పొరపాటు అనుకోవద్దు.

ప్రొఫెషనల్ టాక్స్ రాష్ట్ర ప్రభుత్వానికి పోయే డబ్బు, అది తిరిగి రాదు. తెలంగాణలో నెల జీతం 15,000 దాకా ఏమీ లేదు, 15,001 నుంచి 20,000 దాకా 150, ఆపైన ఎంతైనా 200. రాజ్యాంగమే ఏడాదికి 2,500 దాటకూడదని గీత గీసింది కాబట్టి ఇంతకంటే పెద్దగా పెరగదు. నీకు 150 కరెక్ట్. 18,000 జీతానికి 200 కోసే ఆఫీసులు కూడా చూశాను, అడిగితే సరిచేశారు. డిసెంబర్ స్లిప్‌లో లేబర్ వెల్ఫేర్ ఫండ్ అని 2 రూపాయలు కనిపిస్తుంది, కంగారు పడకు, అది ఏడాదికి ఒక్కసారే.

ఇప్పుడు ఒప్పుకోకూడని కోతలు. కంపెనీ వంతు పీఎఫ్ కూడా నీ స్లిప్ కుడివైపు కటింగుల గడిలో కనిపిస్తే, అంటే 1,440 బదులు 2,880 కోస్తే, అది చట్టానికి విరుద్ధం. సీటీసీలో చూపించడం వేరు, గ్రాస్ చెప్పి అందులోంచి రెండు వంతులూ కోయడం వేరు. ఈఎస్ఐకీ ఇదే మాట. "ట్రైనింగ్ డిపాజిట్", "సెక్యూరిటీ" అని మొదటి మూడు నెలలు పట్టుకొనేవాళ్లుంటారు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో లేని కోత ఏదైనా ఎందుకని రాతపూర్వకంగా అడిగే హక్కు నీకుంది. మామూలుగా మొత్తం కోతలు జీతంలో సగం దాటకూడదని చట్టమే చెబుతోంది. స్లిప్ ఇవ్వకుండా ఫోన్‌పేలో జీతం వేసే చోట పనిచేస్తున్న పిల్లలు, కనీసం వాట్సాప్‌లో అయినా లెక్క అడిగి ఆ మెసేజ్ దాచుకోండి.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి, విని ఉంటావు. వాటిలో వేతనం అనే మాటకు అర్థం మారింది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కిస్తారు. నీ బేసిక్ ఇప్పటికే 18,000లో మూడింట రెండు వంతులు కాబట్టి నీకు పెద్ద తేడా ఉండదు. బేసిక్ 6,000 పెట్టి అలవెన్సులు 14,000 రాసే ఆఫీసుల్లో ఉన్న నీ స్నేహితులకు మాత్రం పీఎఫ్ కోత పెరగవచ్చు. దానికి తగ్గట్టు వాళ్ల పేరు మీద చేరేదీ పెరుగుతుంది.

ఆదాయపు పన్ను. నీ స్లిప్‌లో టీడీఎస్ గడి సున్నా. అది సరైనదే, కానీ నువ్వు స్టూడెంట్ అయినందుకు కాదు. మన ఆదాయపు పన్నులో స్టూడెంట్ అనే మినహాయింపు లేదు. ఏడాదికి ఎంత సంపాదించావన్నదే లెక్క. చదువు ఖర్చుకు ఇచ్చే స్కాలర్‌షిప్ ఆదాయంలోకి రాదు. ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పి సంపాదించేది మాత్రం వస్తుంది. నువ్వు ఏడాది మొత్తం పనిచేసినా 2,16,000. 2025-26 కొత్త విధానంలో మొదటి 4 లక్షల దాకా పన్ను లేదు, జీతం తీసుకునేవాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ అదనం. ఆ తర్వాత 8 లక్షల దాకా 5 శాతం, 12 లక్షల దాకా 10, 16 దాకా 15, 20 దాకా 20, 24 దాకా 25, పైన 30. అయితే పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షలు మించకపోతే పన్ను మాఫీ, అంటే రిబేట్‌తో మొత్తం పన్ను సున్నా అవుతుంది. జీతం మాత్రమే ఉన్నవాళ్లకు అది 12.75 లక్షలు. షేర్లు కొని అమ్మిన లాభానికి ఈ రిబేట్ వర్తించదని ట్రేడింగ్ యాప్‌లు వాడే పిల్లలు గుర్తుంచుకోవాలి.

క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చినవాళ్ల కోసం ఒక లెక్క చెబుతాను, ఎన్ఐటీ పిల్లలు నన్ను ప్రతి జూలైలో అడిగేది ఇదే. ఏడాదికి 15 లక్షల జీతం అనుకో. 75,000 తీస్తే 14.25 లక్షలు. 4 నుంచి 8 దాకా 20,000, 8 నుంచి 12 దాకా 40,000, మిగిలిన 2.25 లక్షల మీద 15 శాతం 33,750. మొత్తం 93,750, దానిపై 4 శాతం సెస్ 3,750, అంతా 97,500. కానీ జూలై 1న చేరితే మార్చి దాకా తొమ్మిది నెలలే. 11.25 లక్షలు. మొదటి ఏడాది పన్ను సున్నా. రెండో ఏడాది ఏప్రిల్ నుంచి నెలకు ఎనిమిది వేలు పైన కోత మొదలైతే జీతం తగ్గించారని గొడవ పడతారు. తగ్గించలేదు, ఏడాది నిండింది అంతే. ఆ ఏప్రిల్ రాకముందే బైక్ ఈఎంఐ, ఇంటికి పంపే డబ్బు అన్నీ ఆ లెక్కతో వేసుకోవాలి.

నీ స్నేహితుడి ఇంటర్న్‌షిప్ గురించి కూడా అడిగావు. నెలకు 25,000 అని మూడు నెలలు, ప్రతి నెలా 22,500 పడింది. అతన్ని ఉద్యోగిగా కాకుండా ప్రొఫెషనల్‌గా చూపి ఆదాయపు పన్ను చట్టం 194జె సెక్షన్ కింద 10 శాతం టీడీఎస్ కోశారు. ఇలా ఏడాదికి 50,000 దాటే చెల్లింపులకు కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. ఆ 7,500 పోయినట్టు కాదు. ఇంకే ఆదాయం లేకపోతే రిటర్న్ వేస్తే మొత్తం వెనక్కి వస్తుంది. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో 26ఏఎస్ (పాన్ మీద జమైన పన్ను పట్టిక) తెరిచి ఆ మూడు కోతలూ తన పాన్ మీద కనిపిస్తున్నాయా చూడమను. కోసి కట్టని సమస్య ఇక్కడ కూడా ఉంది. కనిపిస్తే, అది జీతం కింద రాలేదు కాబట్టి రిటర్న్ ఫారాల్లో ఐటీఆర్-1 కాకుండా ఐటీఆర్-4లో వృత్తి ఆదాయంగా చూపాలి. బ్యాంకు ఖాతా పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసి ఉండాలి, లేకుంటే రీఫండ్ ఆగుతుంది. వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయాలి. చేయకపోతే వేయనట్టే.

నీకు రిటర్న్ తప్పనిసరి కాదు. అయినా వేయమంటాను. ఉచితం, అరగంట పని, జీతం మాత్రమే కాబట్టి ఐటీఆర్-1 సరిపోతుంది, మామూలు గడువు జూలై 31. రేపు పైచదువుకు లోన్ అడిగినా, వీసాకు కాగితాలు పెట్టినా నీ పేరు మీద ఆదాయం రికార్డు ఉండటం మేలు. చౌరస్తాలో కొందరు "రీఫండ్ తెప్పిస్తాం, సగం మాకు" అంటారు. లేని ఇంటి అద్దె, లేని విరాళాలు రాసి వేస్తారు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి తప్పుడు మినహాయింపుల మీద దేశమంతటా సోదాలు చేసింది. నోటీసు వచ్చేది వేసినవాడికి కాదు, నీ పాన్‌కు. 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల నంబర్లు వేరు, అందుకే ఇక్కడ నంబర్లు పెద్దగా రాయలేదు.

టెక్సాస్‌లో ఉన్న మీ అన్న చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. అమెరికాలో ఎఫ్-1 మీద చదువుతూ క్యాంపస్‌లో పనిచేసేవాళ్లకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం కోయరు. ఫెడరల్ ఆదాయపు పన్ను మాత్రం కోస్తారు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అతని స్లిప్ ఇంకా ఖాళీగా కనిపిస్తుంది. అది అక్కడి వీసా నియమం, ఇక్కడికి పనికిరాదు. మన దగ్గర పీఎఫ్, ఈఎస్ఐ లేకుండా ఉండేది అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రాసుకున్న అప్రెంటిస్‌లకు. నీ లెటర్‌లో "ఎగ్జిక్యూటివ్" అని ఉంది, నువ్వు ఉద్యోగివే. ఆ చట్టం కింద ఒప్పందం లేకుండానే "ట్రైనీ" అని పేరు పెట్టి పూర్తి షిఫ్టు పని చేయిస్తూ పీఎఫ్ ఎగ్గొట్టే చోట్లు కూడా ఉన్నాయి. పేరు మార్చినంత మాత్రాన చట్టం మారదు.

ఈ నెల స్లిప్ రాగానే ఇవి చూడు బిడ్డా: పాస్‌బుక్‌లో సెప్టెంబర్, అక్టోబర్ గళ్లు నిండాయా, ఈఎస్ఐలో ఇంట్లోవాళ్ల పేర్లు ఎక్కాయా, ప్రొఫెషనల్ టాక్స్ 150 దాటలేదా. స్లిప్ పీడీఎఫ్ ఆఫీసు మెయిల్‌లో ఉంచకు, మానేసిన రోజే ఆ మెయిల్ మూసేస్తారు. నీ సొంత మెయిల్‌కు పంపుకో.

ఇంకో మాట. నువ్వు పెట్టిన ఫొటోలో యూఏఎన్ పన్నెండు అంకెలు, బ్యాంకు ఖాతా నంబరు రెండూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ముందు ఆ ఫొటో తీసేసి, నంబర్ల మీద నల్ల గీత గీసి మళ్లీ పెట్టు. పాస్‌బుక్‌లో ఏ గడి అయినా ఖాళీగా కనిపిస్తే ఏ నెలదో రాయి, హెచ్ఆర్‌కు పంపాల్సిన మెయిల్ ఎలా ఉండాలో నేను రాసిస్తాను.